తడవని చోటు

కరెంటు పోయింది, వచ్చేదాకా కూర్చోండి సార్ అని రిజ్వాన్ చెప్పి లోపలికి వెళ్లాడు, జనరేటరు లైట్లకీ ఫ్యాన్లకీ సరిపోతుందట, ఎక్స్‌రే మిషనుకి చాలదట, అందుకని నేనూ నా మనవరాలు కీర్తనా ఈ కిటికీ పక్క బెంచీ మీద, నా ఒళ్లో గోధుమరంగు కవరు, ఆ కవరులో పిల్ల ఛాతీ బొమ్మ. దాన్ని చేతికిస్తూ డాక్టర్ రోహిణి గారు పెద్దగా ఏమీ చెప్పలేదు. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో తెల్లగా ఏదో కనిపిస్తోంది, బొమ్మేమో గింజ గింజగా వచ్చింది, పాప కదిలినట్టు కూడా ఉంది, ఇదీ అని చెప్పలేను, ఇంకోటి తీయించండి అన్నది. నా మొహంలో ఏం చూసిందో, ఒకవేళ టీబీ అయినా ఇప్పుడు మంచి మందులున్నాయి లెండి అని కూడా అన్నది. ఆ చివరి మాట చెప్పాల్సిన అవసరం ఆమెకి లేదు. బయట అంతమంది ఉండగా ఒక నిమిషం ఆగి చెప్పింది. కానీ పైభాగంలో తెల్లగా అనే మాట నాకు కొత్త కాదు, ఈ ఊళ్లోనే, ఇంకో డాక్టరు నోట, ఇలాంటి కవరే పట్టుకుని విన్నాను, అప్పుడు నా పక్కన నా భార్య సరస్వతి ఉంది, విని, నా చెయ్యి నొక్కి, ఇంటికెళ్లి పప్పు నానబెట్టాలి పదండి అన్నది.

కీర్తన దగ్గుతోంది. ఇప్పుడు ఈ ఊళ్లో దగ్గని మనిషి లేడు, మిరపకాయలు కల్లాల్లో ఎండే రోజులు, నకరికల్లు వైపు నుంచి బస్తాలేసుకుని వచ్చే ప్రతి ఆటో రోడ్డు పొడుగునా ఘాటు చల్లుకుంటూ పోతుంది, బడిలో ప్రార్థన కూడా దగ్గుల మధ్యే జరుగుతుందని కీర్తన నవ్వుతూ చెప్పింది. ఆమెదీ అదే దగ్గనుకున్నాం. అందరి దగ్గూ ఒకటి రెండు రోజుల్లో వెళ్లిపోతే ఈమె దగ్గు మా ఇంట్లోనే కాపురం పెట్టింది. మా అమ్మాయి నీలిమ గురజాల బడిలో టీచరు, తెల్లారకముందే బస్సెక్కాలి, అల్లుడు ఉపేంద్ర పత్తి కొనుగోళ్లకని ఊళ్లు తిరుగుతుంటాడు, పొద్దున పూట ఈ పిల్ల నాది. స్నానం, టిఫిను, పుస్తకాల సంచీ, జడలు. జడల దగ్గరే ఆలస్యమవుతుంది మాకు. రెండు జడలు వేసి, పైకి మడిచి, చెవుల పక్కన రిబ్బన్లు కట్టాలి, బడి నిబంధన. ఈరోజు బడి లేకపోయినా వేశాను. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం కదా, నీటుగా ఉండాలనిపించింది, జబ్బు కూడా నీటుగా ఉన్నవాళ్ల జోలికి రాదన్నట్టు.

ఫోను. నీలిమ. క్లాసుకీ క్లాసుకీ మధ్య చేసి ఉంటుంది, వెనక పిల్లల గోల.

"ఏమన్నారు నాన్నా?"

"కరెంటు పోయిందమ్మా. వచ్చాక తీస్తారంట."

"నువ్వేమన్నా తిన్నావా?"

"తిన్నా."

పెట్టేసింది. కరెంటు పోయిన మాట నిజం, తీస్తారన్న మాట నిజం, మధ్యలో ఒక బొమ్మ తీశారనీ అందులో తెల్లగా ఉందనీ మాత్రం చెప్పలేదు. నీలిమ తల్లిని పోగొట్టుకుని మూడేళ్లన్నా కాలేదు. పైభాగంలో తెల్లగా అని ఆ పిల్లతో ఫోనులో ఎలా అంటారు, అవతల పిల్లలు ఎక్కాలు చదువుతుండగా. రెండో బొమ్మ వచ్చాక ఏదో ఒకటి తేలుతుంది, అప్పుడు చెబుతాను. కీర్తన వీపు మీద చెయ్యి వేశాను. దగ్గు వచ్చినప్పుడల్లా నా అరచేతి కింద చిన్న ఇంజనులా ఆ వీపు కదులుతుంది. ఏ మిషనూ అక్కర్లేకుండా ఇంత దగ్గరగా ఉంది ఆ ఊపిరితిత్తి, బనీనూ చర్మమూ ఇన్ని పక్కటెముకలూ దాటితే అదే, అయినా నాకు తెలియదు లోపల ఏముందో.

కవరులోంచి బొమ్మ తీసి కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాను. మళ్లీ. ఇంతసేపట్లో ఎన్నిసార్లు చూశానో. ఎదురు బెంచీలో చెయ్యి విరగ్గొట్టుకుని, తువ్వాలు మెడకి ఊయల కట్టుకుని కూర్చున్న కోటమ్మ, ఈపూరు నుంచి వచ్చింది, ఎంతసేపు చూసినా అదే కదన్నా అన్నట్టు నన్ను చూస్తోంది. నిజమే. నల్లటి రెండు సంచులు, వాటి మీద పక్కటెముకల తెల్ల చారలు, మధ్యలో గుండె నీడ, అంతటా ఇసక చల్లినట్టు గరుకు. ఆ గరుకులో, ఎడమ భుజం ఎముక దగ్గర, తెల్లగా. మచ్చ అందామంటే అంచు లేదు, లేదు అందామంటే ఉంది. గింజ గింజగా ఎందుకొచ్చింది బాబూ అని రిజ్వాన్‌ని అడిగితే, చిన్నపిల్ల కదా సార్, కిరణాలు తక్కువ పెట్టా, ఎక్కువ పెడితే నున్నగా వచ్చేది గానీ పిల్లకి మంచిది కాదు అన్నాడు. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ని, నాకు తెలియని విషయం కాదు, తెలిసిన విషయం ఒక కుర్రాడి నోట దయలా వినిపించిందంతే. ఈ గరుకంతా వాడు పిల్ల ఒంటి మీద చూపించిన జాలి. ఒక్కో గింజా వాడు పడనివ్వని కిరణాల గుర్తు.

వాన అలాంటిదే అని క్లాసులో చెప్పేవాణ్ని. అది నా సొంతం కాదు, సరస్వతిది. పెళ్లయిన కొత్తలో వాళ్ల క్రోసూరు కల్లంలో మిరపకాయలు ఎండబోసి ఉంటే అకాల వాన మొదలైంది, అందరూ పట్టలు కప్పడానికి పరుగెత్తారు, ఎవరూ నులక మంచం లోపలికి తేలేదు. వాన ఆగాక మంచం ఎత్తితే కింద మట్టిలో దాని బొమ్మ. పట్టెలున్న చోట నేల తడవకుండా తెల్లగా, నులక సందుల్లోంచి చినుకులు దిగిన చోట నల్లగా, మధ్యలో తాళ్ల అల్లిక మసకగా. మంచానికి ఎక్స్‌రే తీశాడండీ దేవుడు అన్నది సరస్వతి, తడిసిన జుట్టు పిండుకుంటూ. తర్వాత ఎన్నో ఏళ్లు పిల్లలకి అదే చెప్పాను. నాలుగు చినుకులు పడి ఆగిపోతే నేలంతా చుక్కలు చుక్కలుగా ఉంటుంది, మంచం నీడేదో, చినుకు పడని ఖాళీ ఏదో తేలదు. వాన బాగా కురిస్తే బొమ్మ కుదురుతుంది. అయితే ఆ వానకి పక్కనే మిరపకాయలున్నాయి, అది మర్చిపోకండిరా అనేవాణ్ని. బొమ్మ బాగా రావాలంటే వాన కావాలి, పంట నిలవాలంటే వాన వద్దు. పిల్లలు రాసుకునేవాళ్లు. ఇప్పుడు పంట నా పక్కన కూర్చుని, కాళ్లూపుతూ, తాతయ్యా ఆకలేస్తోంది అంటోంది. జేబులో వేరుశనగ ఉండ ఉంది. పొద్దున జేబులో ఎప్పుడు వేసుకున్నానో గుర్తు లేదు, ఆ వేసుకున్న పెద్దమనిషికి దణ్ణం.

సరస్వతి బొమ్మలు ఇలా గరుగ్గా ఉండేవి కావు. ఎంత స్పష్టంగా ఉండేవో. పెద్ద మనిషి కాబట్టి కిరణాలు చాలినన్ని పెట్టేవాళ్లు, ఆమె ఊపిరి బిగబట్టమంటే బిగబట్టేది, కదలమనేదాకా కదిలేది కాదు, ప్రతి ఎముక అంచూ పెన్సిలుతో గీసినట్టు. ఆ మచ్చకీ అంచు ఉంది. అందులో అనుమానానికి చోటు లేదు. ఇంత మంచి ఫిల్ము ఈ వారంలో తీయలేదమ్మా అని అప్పటి టెక్నీషియను మెచ్చుకుంటే ఆమె మురిసిపోయింది, స్కూల్లో ఫస్టు వచ్చినట్టు ఆ మాట ఇంటికొచ్చి నీలిమకి చెప్పింది. ఈ పిల్ల కదిలింది. గాలి పీల్చి బిగబట్టు పాపా అంటే సగం పీల్చి దగ్గింది. పక్కటెముకల అంచులు రెండేసిగా, మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టు. కదలడం తప్పెలా అవుతుంది, బతికున్నది కదలక ఏం చేస్తుంది. నాకు ఈ మసక మీద ప్రేమ కలుగుతోంది. ఇది ఇంకా తీర్పు కాదు. ఇందులో ఇంకా చోటుంది. ఈ కరెంటు ఇంకాసేపు రాకపోయినా బాగుండు అనిపించి, మళ్లీ అలా అనుకున్నందుకు భయమేసి, ఫ్యాను వైపు చూశాను.

కోటమ్మ కీర్తనని పిలిచి తన అరటిపండు సగం ఇచ్చింది. పొద్దున మా పరిచయం ఆమె కోప్పడటంతోనే మొదలైంది. మొదటి బొమ్మకి ముందు రిజ్వాన్ తలుపు దగ్గర నిలబడి, జడలు విప్పి జుట్టంతా పైన ముడెయ్యండి సార్ అన్నాడు. నేను రిబ్బను మీద చెయ్యి వేశానో లేదో కోటమ్మ అందుకుంది.

"ఏందయ్యా, ఆస్పత్రి వసారాలో ఆడపిల్ల జుట్టు విరబోత్తారా ఎక్కడన్నా? చూసేవోళ్లు ఏమనుకోవాల?"

ఏమనుకుంటారో నాకు తెలుసు. ఆస్పత్రి వసారాలో ఆడవాళ్ల జుట్టు విడిపోయేది ఒక్క చావు కబురు విన్నప్పుడే. నా చెయ్యి ఆగిపోయింది. దానికితోడు, ఎందుకు దాచాలి, అంత సేపు కూర్చుని వేసిన జడలు, విప్పబుద్ధి కాలేదు. క్లిప్పులు తీశాను, మెళ్లో గొలుసు తీశాను, రిబ్బన్లు సడలించి రెండు జడల్నీ వీపు మీదికి నెట్టాను. వెనక జనం తోసుకుంటున్నారు, రిజ్వాన్ ఒకసారి చూసి సరే కానీండి అన్నాడు. అవి నువ్వేసినయ్యేనా అన్నా అని కోటమ్మ అడిగింది, అవునంటే చానాసేపు నన్నూ జడల్నీ మార్చి మార్చి చూసి, మా ఆయనకి గేదెకి పలుపు కట్టడం గూడా చేతగాదు అని, తన విరిగిన చేతికి అదే కారణమన్నట్టు తువ్వాలు సర్దుకుంది.

జడ వెయ్యడం నాకు సరస్వతి నేర్పింది. క్యాన్సరు మందులు మొదలయ్యాక ఆమెకి చెయ్యి పైకి లేచేది కాదు. నేను వేస్తానంటే నవ్వింది. మంచం అంచున తను, వెనక నేను, మూడు పాయలు తీయడమే రాదు నాకు, ఒకటి లావు, ఒకటి సన్నం. కుడిదాన్ని మధ్యకి తెండి, ఇప్పుడు ఎడమది, మళ్లీ కుడిది, ఫిజిక్సు కన్నా తేలికే అనేది. అద్దం లేకుండా వెనక ఏం జరుగుతోందో ఆమెకి తెలిసిపోయేది. వదులుగా వేస్తున్నారు, గట్టిగా లాగండి, నేనేమన్నా గాజుబొమ్మనా. లాగితే వెంట్రుకలు వేళ్లకి చుట్టుకుని వచ్చేసేవి. చప్పుడు చేయకుండా వాటిని జేబులో వేసుకుని, వదులుగానే అల్లేవాణ్ని, లాగినట్టు నటిస్తూ. ఆమెకి తెలుసనుకుంటాను. గట్టిగా వేశారివాళ అని ఒకరోజు తనే అన్నది. అలా నా చెయ్యి వదులుకి అలవాటుపడింది. కీర్తన జుట్టు అచ్చం అమ్మమ్మ జుట్టు, ఒత్తుగా, నూనె తాగుతుంది, పిడికిట్లో పట్టదు, అయినా దీన్ని కూడా నేను వదులుగానే అల్లుతాను, మధ్యాహ్నానికి జారిపోయిందని రోజూ పేచీ.

పిల్ల నిద్రపోయింది. తల నా ఒళ్లో, ఒక జడ నా మణికట్టు మీదుగా కిందికి. కదిలిస్తే లేస్తుందని రెండో చేత్తో బొమ్మ పైకెత్తాను. ఎండ కిటికీలోంచి ఏటవాలుగా పడుతోంది. జడ నీడ గోధుమరంగు కవరు మీద పడింది, అంచులు మసకగా, ఒక ఉబ్బు, ఒక నొక్కు, మళ్లీ ఉబ్బు, మళ్లీ నొక్కు. కవరు మీంచి బొమ్మ మీదికి చూశాను. బొమ్మలోంచి కవరు మీదికి. కళ్లు సగం మూసి, బొమ్మని చెయ్యి చాచినంత దూరం జరిపాను, దూరం పోతే గింజలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. తెల్లనిది ఒక మచ్చ కాదు. ఒకదాని కింద ఒకటి ఉబ్బులు, ఒకటి ఇటు వాలి, ఒకటి అటు వాలి. అది ఊపిరితిత్తిలో ఆగలేదు. భుజం ఎముక దాటి, ఒంటి గీత కూడా దాటి, మెడ పక్కన ఖాళీలోకి ఎక్కింది. ఏ జబ్బూ మనిషి ఒంట్లోంచి బయటికి వచ్చి గాల్లో వేలాడదు. వదులు జడ కదా, దగ్గినప్పుడు ముందుకి జారి ఉంటుంది. అనుకున్నానే గానీ వెంటనే నా మీద నాకే నమ్మకం పోయింది. గరుకులో మనిషికి కావలసింది కనిపిస్తుంది, సున్నం పెచ్చులూడిన గోడ మీద మొహాలు కనిపించినట్టు. నా కళ్లకి జడ కావాలి. అందుకని కళ్లని పక్కనపెట్టి వేళ్లని అడిగాను. నిద్రపోతున్న జడని బొటనవేలితో పైనుంచి కిందికి తడిమాను, కళ్లు బొమ్మ మీదే ఉంచి. ఉబ్బు, నొక్కు, ఉబ్బు. మూడో పాయ మిగతావాటి కన్నా వదులు, ఎప్పుడూ అంతే, అక్కడ అల్లిక కొంచెం పక్కకి పొంగుతుంది. బొమ్మలో కూడా అక్కడే పొంగింది.

పిలిస్తే వచ్చిన రిజ్వాన్ బొమ్మని ట్యూబులైటుకి ఎత్తి చానా సేపు చూశాడు. విప్పమన్నా కదా సార్ అన్నాడు, తర్వాత తనే, నేనన్నా పట్టుబట్టాల్సింది, లైను ఎక్కువుందని వదిలేశా అన్నాడు. జడేనంటావా అని అడిగాను.

"జడే సార్. కానీ జడ వెనక ఏముందో జడ చెప్పదు కదా. మళ్లీ తీస్తేనే."

అతనన్నది నిజం. మంచం కింద నేల తడవలేదంటే వాన తప్పు కాదు, సరే, ఆ నేలలో అసలు ఏముందో మంచం జరిపితేనే తెలుస్తుంది. పిల్లని లేపాను. రిబ్బన్లు విప్పుతుంటే వసారాలో ఎవరెవరో నడుస్తున్నారు. కోటమ్మ లేచి వచ్చింది. మళ్లీ ఏదో అంటుందనుకున్నాను. బాగున్న చేత్తో కొంగు పట్టి చాపి, మాకూ నడిచేవాళ్లకీ మధ్య తెరలా నిలబడింది, కానియ్యన్నా తొందరగా అని. ఆ కొంగు చాటున పాయలు ఒక్కొక్కటే విడదీశాను. అలలు అలలుగా జుట్టంతా పిల్ల వీపు మీద పరుచుకుంది. ఎత్తి నెత్తిన ముడి వేశాను, మెడ సన్నగా బయటపడింది. ఫ్యాను ఒక్క ఊపు ఊగి గట్టిగా తిరిగింది, లైట్లు తెల్లబడ్డాయి. కరెంటు.

ఈసారి కొంచెం ఎక్కువ పెట్టమంటారా సార్ అని రిజ్వాన్ అడిగాడు, అడిగి తనే తల అడ్డంగా ఊపుకున్నాడు, అడ్డం పోయింది కదా, ఇంతే చాలు. తలుపు మూశారు. ఎర్రలైటు వెలిగింది. అవతల పిల్ల ఒక్కతే, చల్లటి పలకకి ఛాతీ ఆనించి, భుజాలు ముందుకి వంచి. గాలి పీల్చి బిగబట్టు పాపా అన్న మాట తలుపులోంచి వినిపించింది. నేనూ పీల్చాను. నా పక్కన కోటమ్మ కూడా పీల్చిందని వదిలినప్పుడు తెలిసింది.

డాక్టర్ రోహిణి గారు రెండు బొమ్మల్నీ పక్కపక్కన పెట్టింది. రెండోది కూడా గరుగ్గానే ఉంది, అదే జాలి, అవే గింజలు. కానీ ఎడమ భుజం కింద, తెల్లగా ఉన్న చోట, నలుపు. వాన దిగిన నేల నలుపు. ఆమె దగ్గరికి వంగి చూసింది, వెనక్కి జరిగి చూసింది. నేను ఆమె మొహం చూస్తున్నాను.

"ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయండీ. ఘాటుకి గొంతు పట్టింది, అంతే. జడ బాగా వేశారు, మమ్మల్ని భయపెట్టారు."

బయటికొచ్చి నీలిమకి ఫోను చేశాను. ఏమీ లేదంటమ్మా, గొంతేనంట అన్నాను. అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడు. ఏదో ఉందని నాకు తెలుసు నాన్నా, తిన్నావా అంటే తిన్నా అన్నావు, ఏం తిన్నావో చెప్పలేదు, ఎప్పుడూ చట్నీతో సహా చెప్తావు అన్నది. అప్పుడు అంతా చెప్పాను, తెల్లగా అన్న మాటతో మొదలుపెట్టి, కోటమ్మ కొంగుదాకా. ఆమె ఏడుస్తూనే నవ్వింది. వాళ్లమ్మ నవ్వు.

మొదటి బొమ్మ పనికిరాదు సార్, పక్కన పడేస్తా అని రిజ్వాన్ చెయ్యి చాచాడు. ఇవ్వలేదు. అతను పాత కవరు బాలేదని కొత్తది తెచ్చిచ్చాడు. మళ్లీ బెంచీ మీద కూర్చున్నాం. ముడి విప్పి, జేబులోంచి దువ్వెన తీసి పాపిడి తీశాను. కీర్తన బొమ్మని కిటికీకి ఎత్తి పట్టుకుని నా జడ ఏది తాతయ్యా అంటోంది, అదిగో అంటే, ఇదా, ఇంత వదులుగానా, గట్టిగా వెయ్యమంటే వినవు, నాకేం నొప్పి కాదు, లాగు అంటోంది. మూడు పాయలు. కుడిది మధ్యకి, ఎడమది మధ్యకి, మళ్లీ కుడిది. మూడో పాయ దగ్గర వేళ్లు అలవాటుగా ఆగాయి.

లాగాను. ఒక్క వెంట్రుకా ఊడి రాలేదు.